డబ్బును కోరుకివ్వడం ఎలా: షేరు, ఫండు, చిట్టీ హలాలో కాదో మనమే లెక్క చూసుకునే పద్ధతి

మా కర్నూలు వైపు పొలాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడానికి రెండు పద్ధతులున్నాయి. గుత్తకిస్తే పంట పండినా ఎండినా ఎకరాకి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. కోరుకిస్తే పండిన దాంట్లో సగమో మూడో వంతో పంచుకుంటారు, వాన రాక ఏమీ పండలేదంటే సేద్యం చేసినాయనకి కష్టం పోయింది, పొలం గలాయనకి ఏడాది పోయింది, అంతే. మీ వైపు కౌలు, పాలు అంటారేమో, పేరు ఏదైనా సంగతి అదే. ఇస్లామిక్ ఎకనామిక్స్ అంటే ఏంటి భాయ్ అని ఆఫీసులో ఎవరైనా అడిగితే నేను ఈ రెండు మాటలతోనే చెప్తాను. పొలాన్ని గుత్తకివ్వొచ్చు, అది అద్దె లాంటిది, ఎక్కువమంది ఉలమాలు, అంటే మత పండితులు, ఒప్పుకుంటారు. డబ్బును మాత్రం గుత్తకివ్వకూడదు, కోరుకే ఇవ్వాలి. వ్యాపారం ధర్మసమ్మతం, వడ్డీ నిషిద్ధం అని ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 275వ ఆయతులో (వాక్యంలో) ఉన్నది నాకు అర్థమైంది ఇలాగే.

నేను మత తీర్పులిచ్చే ముఫ్తీని కాదు, అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసేవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్యాలెన్స్ షీట్లే చూస్తాను కాబట్టి ఫతువా సంగతి పెద్దలకి వదిలేసి లెక్క సంగతి వరకు చెప్తాను. జీతం వస్తోంది, కొంచెం మిగులుతోంది, ఎఫ్‌డీ వేయడానికి మనసొప్పట్లేదు, షేర్లంటే జూదమని ఇంట్లో భయపెడుతున్నారు, ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ల కోసం ఇది.

ముందు బోర్డు చూసి మోసపోకుండా

మా చిన్న మామూ కొన్నేళ్ల కింద మూడు లక్షలు ఒక చిన్న కంపెనీలో పెట్టాడు. ఆకుపచ్చ బోర్డు, గోడ మీద బిస్మిల్లా, ఆఫీసులోనే నమాజుకి చోటు, అన్నీ బాగున్నాయి. నెల నెలా లక్షకి మూడు వేలు "హలాల్ లాభం" ఇస్తామన్నారు, ఏడెనిమిది నెలలు ఇచ్చారు కూడా. తర్వాత షట్టర్ దించేశారు. నేను మామూని అడిగింది ఒక్కటే, లక్షకి నెలకి మూడు వేలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ కాదా మామూ, మన ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పిస్తే మనం ఏమని తిడతాం? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పేరు మారిస్తే లెక్క మారుతుందని ఆయన అనుకోలేదు పాపం, ఆ లెక్క అసలు వేసుకోలేదు.

మామూది ఊరి స్థాయి కథ. పెద్దవి అందరికీ తెలిసినవే. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ మీద 2018లో కేసులు, అరెస్టులు జరిగాయి, ఏడాదికి 36 శాతానికి పైగా రాబడి ఇస్తామని డిపాజిట్లు తీసుకున్నారని ఈడీ చెప్పింది. బెంగళూరులో ఐఎంఏ అనే పెట్టుబడి సంస్థ 2019 జూన్‌లో కుప్పకూలింది. ఏడాదికి 36 అంటే మళ్లీ అదే నూటికి మూడు రూపాయలు, చూశారా.

కాబట్టి ఎవరైనా హలాల్ పెట్టుబడి అంటూ వస్తే మొట్టమొదట అడగాల్సింది, "మీకు నష్టం వస్తే నా డబ్బు తగ్గుతుందా?" అని. తగ్గదు, అసలు భద్రం అన్నారంటే అది అప్పు, దాని మీద ఇచ్చేది ఏ పేరుతో ఇచ్చినా వడ్డీ. రెండోది, ఇచ్చేది దేంట్లో శాతం? నేను పెట్టిన డబ్బులో శాతమా, వాళ్లకి వచ్చిన లాభంలో శాతమా? ముదారబా అనే ఒప్పందంలో డబ్బు ఒకరిది, కష్టం ఇంకొకరిది, లాభం వస్తే ఇంత వంతు అని నిష్పత్తి ముందే రాసుకుంటారు, రూపాయల్లో ఎంత వస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు. నష్టమొస్తే డబ్బు పెట్టినాయన డబ్బు పోతుంది, పని చేసినాయన కష్టం పోతుంది. అచ్చంగా కోరు పద్ధతే. ముషారకాలో ఇద్దరూ డబ్బు పెడతారు, నష్టాన్ని పెట్టుబడి వాటాల ప్రకారమే మోస్తారు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకే మొత్తం అకౌంట్లో పడుతోందంటే, ఏ వ్యాపారమైనా నెల నెలా అంత సమానంగా లాభం తెస్తుందా, ఆలోచించండి. మా వీధి చివర కిరాణా కొట్టుకే రంజాన్ నెలకీ మామూలు నెలకీ పోలికుండదు.

మూడోది ప్రభుత్వం సంగతి. జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కు ఆ కంపెనీకి ఉందా? 2019లో అనుమతి లేని డిపాజిట్ స్కీములను నిషేధిస్తూ చట్టం వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నడిపే సచేత్ అనే పోర్టల్లో ఎవరికి అనుమతి ఉందో చూసుకోవచ్చు, ఫిర్యాదూ ఇవ్వొచ్చు. మన దేశంలో పూర్తి స్థాయి ఇస్లామిక్ బ్యాంకు లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమని సిఫార్సు చేసినా 2017లో ఆ ఆలోచనను పక్కన పెట్టేశామని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అందుకే ఎవరైనా "మాది ఇస్లామిక్ బ్యాంకు" అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి, టీ కూడా తాగొద్దు.

ఇంకో మాట. ఇదంతా దుబాయ్ నుంచో మలేషియా నుంచో దిగుమతైన సరుకని చాలామంది అనుకుంటారు. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు పెట్టింది 1975లో. ఈజిప్టులో మిత్ గమ్ర్ అనే ఊళ్లో అహ్మద్ అల్ నజ్జార్ వడ్డీ లేని పొదుపు బ్యాంకు నడిపింది 1963లో. అంతకు చాలా ముందే, 1940 దశకంలో, మన ఉస్మానియా యూనివర్సిటీలో ఈ విషయం మీద గట్టి పని జరిగింది. అర్థశాస్త్ర విభాగంలో అన్వర్ ఇక్బాల్ ఖురేషీ, మత శాస్త్ర విభాగంలో మనాజిర్ అహ్సన్ గీలానీ పుస్తకాలు రాశారు. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత చాలాకాలం పారిస్‌లో బతికిన ముహమ్మద్ హమీదుల్లా, ఇక్కడ నడిచిన వడ్డీ లేని అప్పుల సంఘాల గురించి రాశారు. తార్నాక మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఈ ముగ్గురూ గుర్తొస్తారు.

హలాల్ ముద్ర ఉన్న సరుకు వేరు, హలాల్ షేరు వేరు

ఇక్కడ చాలామంది తికమక పడతారు. మాంసం ఎగుమతి చేసే కంపెనీ ఉందనుకోండి, ప్రతి పెట్టె మీదా హలాల్ సర్టిఫికెట్ ఉంటుంది, ఉండి తీరాలి కూడా, ఎందుకంటే కొనే దేశాలు అడుగుతాయి. ఇండోనేషియా 2014లో చట్టమే చేసి ఆహార పదార్థాలకు దశలవారీగా హలాల్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది, మలేషియాలో జాకిమ్ అనే ప్రభుత్వ సంస్థ ముద్ర లేకపోతే కొనేవాళ్లు నమ్మరు. అయినా ఆ మాంసం కంపెనీ కోల్డ్ స్టోరేజీల కోసం బ్యాంకుల దగ్గర తలకి మించిన అప్పు చేసి ఉంటే దాని షేరు హలాల్ పరీక్షలో తప్పుతుంది. అటు గచ్చిబౌలిలో కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీకి జన్మలో హలాల్ సర్టిఫికెట్ అవసరం రాదు, దాని షేరు మాత్రం సుబ్బరంగా పాసవుతుంది. సర్టిఫికెట్ వస్తువుకి సంబంధించింది. షేరు కొంటున్నామంటే కంపెనీలో భాగస్తులమవుతున్నాం, కాబట్టి అది ఏం అమ్ముతోందన్నదాంతో పాటు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చుకుంది, మిగిలింది ఎక్కడ దాచుకుంది అన్నదీ చూడాలి.

షేరు పరీక్ష, ఒక సాయంత్రం పని

మొదటి మెట్టు వ్యాపారం. మద్యం, పంది మాంసం, జూదం, అశ్లీల వినోదం, వడ్డీ మీద నడిచే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, మామూలు ఇన్సూరెన్స్ కంపెనీలు, ఇవి నేరుగా అవుట్. సిగరెట్లూ అంతే, అందుకే ఐటీసీ ఎంత మంచి డివిడెండ్ ఇచ్చినా షరియా ఫండ్లలో కనపడదు. తేలికగా తేలనివి మధ్యలో ఉండేవి. స్టార్ హోటల్ కంపెనీకి బారు ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్‌తో ఇథనాల్ తీస్తుంది, అది పెట్రోల్లో కలపడానికి ఆయిల్ కంపెనీలకి పోతే ఒక మాట, మందు కంపెనీలకి పోతే ఇంకో మాట. ఇది తెలియాలంటే వార్షిక నివేదికలో సెగ్మెంట్ వారీ ఆదాయం అనే నోట్ తెరవాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో నవ్వుతున్న రైతు ఫోటో చూసి నిర్ణయించొద్దు.

రెండో మెట్టు లెక్కలు. ఈ రోజుల్లో అప్పు లేని, ఎఫ్‌డీ లేని పెద్ద కంపెనీ దొరకడం కష్టం కాబట్టి ఉలమాలు కొన్ని హద్దులు పెట్టి, అవి దాటనంత వరకు సర్దుకోమన్నారు. ఈ సర్దుబాటును ఒప్పుకోని పెద్దలూ ఉన్నారు, వాళ్ల మాట మీకు నచ్చితే వాళ్ల దారిలోనే నడవండి. బహ్రెయిన్‌లోని ఆయోఫీ అనే ప్రమాణాల సంస్థ చెప్పేది: వడ్డీ మీద తెచ్చిన అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం దాటకూడదు, వడ్డీ తెచ్చే డిపాజిట్లు కూడా 30 దాటకూడదు, నిషిద్ధ ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం దాటకూడదు. ముంబైకి చెందిన టాసిస్ అనే షరియా సలహా సంస్థ లెక్క ఇంకా బిగువు. అప్పును మార్కెట్ విలువతో కాకుండా కంపెనీ మొత్తం ఆస్తులతో పోల్చి 25 శాతం దగ్గర గీత గీస్తుంది, వడ్డీ ఆదాయానికి 3 శాతం.

ఊరికే చెప్తే ఎక్కదు, ఊహించిన కంపెనీ ఒకటి తీసుకుందాం. మార్కెట్ విలువ 10,000 కోట్లు, మొత్తం ఆస్తులు 6,000 కోట్లు, బ్యాంకు అప్పు 1,800 కోట్లు, ఎఫ్‌డీలూ నగదూ కలిపి 1,400 కోట్లు, ఏడాది ఆదాయం 4,000 కోట్లు, అందులో వడ్డీ 100 కోట్లు, షేర్ల సంఖ్య 50 కోట్లు, అంటే షేరు ధర 200 రూపాయలు.

ఆయోఫీ ప్రకారం అప్పు 1,800ని 10,000తో భాగిస్తే 18 శాతం, పాస్. డిపాజిట్లు 14 శాతం, పాస్. వడ్డీ ఆదాయం 2.5 శాతం, పాస్. ఇప్పుడు టాసిస్ పద్ధతిలో అదే 1,800ని 6,000తో భాగించండి, 30 శాతం, ఫెయిల్. కంపెనీ ఒకటే, బ్యాలెన్స్ షీటు ఒకటే. ఒక యాప్ ఆకుపచ్చ చూపించి ఇంకో యాప్ ఎర్ర చూపిస్తే ఒకటి అబద్ధం చెప్తోందని అనుకోవద్దు, అవి వేరే వేరే కొలబద్దలు వాడుతున్నాయి. మీరు ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడండి. షేరు నచ్చినప్పుడల్లా అది పాసయ్యే పద్ధతిని వెతుక్కుంటూ పోతే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు.

నాకు టాసిస్ రకమే నచ్చుతుంది, కారణం చెప్తాను. పైన చెప్పిన కంపెనీ షేరు మార్కెట్ పడిపోయి 110కి దిగిందనుకోండి. మార్కెట్ విలువ 5,500 కోట్లయింది. అప్పు అదే 1,800, కంపెనీ కొత్తగా రూపాయి అప్పు చేయలేదు, కానీ ఆయోఫీ లెక్కలో 32.7 శాతమై ఫెయిలైపోయింది. నిన్న హలాల్, ఇవాళ కాదు, కారణం జనం భయపడి అమ్ముకోవడం! దీన్ని సర్దడానికి ఎస్ అండ్ పీ షరియా సూచీల వాళ్లు 36 నెలల సగటు మార్కెట్ విలువ తీసుకుని 33 శాతం హద్దు పెట్టారు. ఆస్తులతో పోల్చే పద్ధతిలో ఈ ఊగిసలాట ఉండదు. అయితే ఐటీ కంపెనీల్లాంటి వాటికి పుస్తకాల్లో ఆస్తులు తక్కువ, అసలు విలువ ఎక్కువ కాబట్టి ఆ పద్ధతి వాటిని అన్యాయంగా కొడుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలోనూ పస ఉంది.

అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, కంపెనీ వార్షిక నివేదికలో. స్టాండలోన్ లెక్కలు వద్దు, కన్సాలిడేటెడ్ లెక్కలే తీసుకోండి, లేకపోతే అనుబంధ కంపెనీ నెత్తిన పెట్టిన అప్పు మన కంటికి కనపడదు. బ్యాలెన్స్ షీట్‌లో బారోయింగ్స్ అనే మాట రెండు చోట్ల వస్తుంది, దీర్ఘకాలికం ఒకటి, స్వల్పకాలికం ఒకటి, రెండూ కూడండి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ, నేనూ మొదట్లో మర్చిపోయాను. 2019 ఏప్రిల్ నుంచి కొత్త అకౌంటింగ్ నియమం వల్ల కొట్ల అద్దె ఒప్పందాలు కూడా లీజ్ లయబిలిటీ పేరుతో అప్పులా కనపడుతున్నాయి, నేను వాటిని వడ్డీ అప్పులో కలపను, అది అద్దె బాకీ కాబట్టి, కానీ మీరు నమ్మే ఆలిమ్‌ని, అంటే మత పండితుణ్ణి, అడగండి. వడ్డీ ఆదాయం కోసం అదర్ ఇన్‌కమ్ పక్కనున్న నోట్ నంబర్ పట్టుకుని వెనక్కి వెళ్తే బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ ఇంత అని విడిగా రాసి ఉంటుంది. ఇంత చదివే ఓపిక లేకపోతే ముసాఫా, ఇస్లామిక్లీ లాంటి యాప్‌లున్నాయి, కానీ ఒక్కసారైనా మీ చేత్తో చేసి చూడండి, ఆ తర్వాత యాప్ ఏం చెప్తోందో అర్థమవుతుంది. ఈ పరీక్ష ఒక్కసారితో అయిపోదు, ఆర్నెల్లకోసారి మళ్లీ చూడాలి.

కొనే పద్ధతి కూడా ముఖ్యం. డెలివరీ తీసుకుని కొనండి. ఆప్షన్లు, ఫ్యూచర్లు, చేతిలో లేనిది ముందే అమ్మడం, వీటిని ఎక్కువమంది ఉలమాలు ఒప్పుకోరు. బ్రోకర్ యాప్‌లో ఎంటీఎఫ్ అని ఒక బటన్ ఊరిస్తూ ఉంటుంది, మన దగ్గర పాతిక వేలుంటే లక్ష విలువ చేసే షేర్లు కొనిపిస్తామని. మిగతా డెబ్బై ఐదు వేలు వడ్డీకి తెచ్చిన అప్పు, రోజు లెక్కన వడ్డీ పడుతుంది. హలాల్ షేరును వడ్డీ అప్పుతో కొనడం, మీరే ఊహించుకోండి.

శుద్ధి చేయడం

మన ఊహా కంపెనీ ఆదాయంలో 2.5 శాతం వడ్డీ ఉంది కదా, అది మనది కాదు, తీసి బయట పడేయాలి. మీ దగ్గర 200 షేర్లున్నాయి, షేరుకి 4 రూపాయల డివిడెండ్ వచ్చింది, మొత్తం 800. చాలామంది అందులో 2.5 శాతం, అంటే 20 రూపాయలు పేదలకిచ్చి ఊరుకుంటారు. ఆయోఫీ మాత్రం డివిడెండ్ ఇచ్చినా ఇవ్వకపోయినా నిషిద్ధ ఆదాయంలో మీ వాటా తీయమంటుంది. 100 కోట్ల వడ్డీని 50 కోట్ల షేర్లకి పంచితే షేరుకి 2 రూపాయలు, 200 షేర్లకి 400. ఇరవై ఎక్కడ, నాలుగు వందలు ఎక్కడ! కంపెనీ డివిడెండ్ తక్కువ ఇచ్చి వడ్డీ డబ్బు లోపలే ఉంచుకుంటే మన షేరు విలువలో అది కలిసే ఉంటుంది కదా, అందుకని నేను రెండో లెక్కే వేస్తాను. నలభై వేల పెట్టుబడికి నాలుగు వందలు పెద్ద భారం కూడా కాదు.

సేవింగ్స్ ఖాతాలో మూడు నెలలకోసారి పడే వడ్డీకీ ఇదే దారి. బ్యాంకుకే వదిలేయకుండా తీసి, సవాబు (పుణ్యం) ఆశించకుండా అవసరంలో ఉన్నవాళ్లకివ్వమని ఉలమాలు చెప్తారు. మసీదు కట్టడానికి ఇవ్వరు, ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానమైన జకాత్‌లో జమ కట్టుకోరు. నేను ఫోన్‌లో ఒక చిన్న నోట్ పెట్టుకుని, పడిన ప్రతి రూపాయీ రాసుకుని, ఏడాదికి రెండుసార్లు ఇచ్చేస్తాను.

లెక్కల గోల వద్దనుకుంటే ఫండ్లు

మన దగ్గర ఎంపిక తక్కువ, అది ఒకరకంగా మంచిదే. టాటా ఎథికల్ ఫండ్, టారస్ ఎథికల్ ఫండ్, నిప్పాన్ ఇండియా నిఫ్టీ 50 షరియా బీస్ అనే ఈటీఎఫ్ (షేరులా మార్కెట్లో కొనే ఫండు), ఇవి షరియా సూచీల ప్రకారం నడుస్తాయి. షరియా బీస్‌లో నిఫ్టీ 50లో పరీక్ష పాసైన కంపెనీలు మాత్రమే ఉంటాయి, బ్యాంకులన్నీ పోతాయి కాబట్టి ఐటీ బరువు బాగా ఎక్కువ. బ్యాంకు షేర్లు పరిగెత్తిన ఏడాది మనది నడుస్తుంది, పక్క సీటు వాడు నవ్వుతాడు, దానికి సిద్ధపడి దిగండి. ఈ ఈటీఎఫ్‌లో రోజూ జరిగే కొనుగోళ్లు తక్కువ, అందుకని మార్కెట్ ఆర్డర్ పెట్టకుండా ధర రాసి లిమిట్ ఆర్డర్ పెట్టండి. శుద్ధి పని ఫండే చేస్తుందా, మనకి వదిలేస్తుందా అన్నది స్కీమ్ పత్రంలో చూసుకోవాలి.

చిట్టీలు, బంగారం స్కీములు, పీఎఫ్

చిట్టీ లేని తెలుగు ఇల్లు ఉంటుందా? ఇరవై మంది, నెలకి అయిదేసి వేలు, లక్ష చిట్టీ. అవసరమున్నాయన పాటలో పాతిక వేలు వదులుకుని డెబ్బై ఐదు వేలు తీసుకెళ్తాడు, నడిపేవాళ్ల కమీషన్ అయిదు వేలు పోగా మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికీ తలా వెయ్యి పంచుతారు. తొందరగా తీసుకున్నాయన తక్కువ తీసుకుని ఎక్కువ కడతాడు, చివరిదాకా ఆగినాయనకి కట్టిన దానికన్నా ఎక్కువొస్తుంది. ఇది ఒకరికొకరు వడ్డీకి అప్పిచ్చుకోవడమే అని ఉలమాలు అంటారు, లెక్క చూస్తే నాకూ అలాగే కనపడుతోంది. దీనికి మందు ఇంట్లోనే ఉంది. పాట లేని చిట్టీ వేసుకోండి, పేర్లు రాసి చీటీలు తీసి వరస పెట్టుకోండి, అందరూ నెలకి అయిదు వేలు కట్టాలి, అందరూ లక్షే తీసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటిదే నడుస్తోంది, ఇరవై మందిలో సగం మంది ముస్లింలు కారు, పాట గొడవ లేదని వాళ్లకీ బాగా నచ్చింది. ఎవరింట్లోనైనా పెళ్లో ఆపరేషనో వస్తే వరస మార్చుకుంటాం.

బంగారం కొట్ల వాళ్ల పదకొండు నెలల స్కీములో పదకొండు వాయిదాలు మనం కడితే పన్నెండోది వాళ్లు కలుపుతారు. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోపు సర్దకపోతే అది డిపాజిట్ కిందికి వస్తుందని కంపెనీ చట్టం నియమాలున్నాయి, అందుకే అది పదకొండుకే ఆగుతుంది. మనం కట్టింది కొట్టు వాళ్ల దగ్గర అప్పుగా ఉండి, దాని మీద ముందే ఖాయం చేసిన ఒక వాయిదా అదనంగా వస్తోంది, చూడండి మరి. కట్టిన నెల కట్టిన డబ్బుకి అప్పుడే చేతికి నాణెం తీసుకుంటే ఏ పేచీ లేదు. ప్రభుత్వ గోల్డ్ బాండ్ల మీద ఏడాదికి 2.5 శాతం వడ్డీ ఉంటుంది, పాతవి మార్కెట్లో కొనేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి.

పీఎఫ్ గురించి అందరూ అడుగుతారు. జీతంలోంచి తప్పనిసరిగా కోసే భాగం మీద వచ్చేది జీతంలో భాగంగానే లెక్కేయాలని దేవబంద్ సంప్రదాయపు ఉలమాల్లో చాలామంది అంటారు. మనంతట మనం అదనంగా కోయించుకునే వీపీఎఫ్‌కి ఆ సౌలభ్యం లేదని నేను ఆపేశాను.

చివర్లో జకాత్

జకాత్ తప్పనిసరి అయ్యే కనీస ఆస్తిని నిసాబ్ అంటారు. బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర అని పెద్దలు చెప్తారు. జాగ్రత్త, ఇవి పాత తులాలు, ఒక్కోటి 11.664 గ్రాములు. ఇప్పుడు మన కొట్లలో తులమంటే పది గ్రాములు. ఏడున్నర తులాలంటే 75 గ్రాములని లెక్కేస్తే తప్పు, 87.48 గ్రాములు అవుతుంది, వెండి 612.36 గ్రాములు. నగదూ షేర్లూ ఉన్నవాళ్లు వెండి నిసాబ్‌తోనే పోల్చుకోవడం మన వైపు అలవాటు.

షేర్లను ధర పెరిగితే అమ్ముదామని కొన్నవాళ్లు మొత్తం మార్కెట్ విలువ మీద 2.5 శాతం ఇవ్వాలి, పై ఉదాహరణలో నలభై వేలకి వెయ్యి రూపాయలు. ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లు కంపెనీ దగ్గరున్న నగదు, సరుకు, రావాల్సిన బాకీల్లో తమ వాటా మీద ఇస్తే చాలని చాలామంది అంటారు. మన కంపెనీకి ఇవన్నీ కలిపి 3,000 కోట్లనుకుంటే షేరుకి 60, రెండు వందల షేర్లకి 12,000, దాని మీద 300 రూపాయలు. కొన్న రోజే మీ ఉద్దేశం ఏంటో నోట్‌లో రాసుకోండి, జకాత్ రోజు వచ్చాక మార్చుకోకుండా. జకాత్ ఏడాది చంద్రమానం, 354 రోజులు. మార్చి 31 లెక్కలతోనే చేస్తానంటే 2.5 బదులు 2.577 శాతం వేసుకోండి, పన్నెండు వేలకి తేడా తొమ్మిది రూపాయలు.